పై మూడో వంతులో వయొలిన్

1984లో నేను న్యూజెర్సీలో, తీగ వాద్యాల గురించి రాసే ఒక చిన్న మాసపత్రికకు ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసేదాన్ని. పదవి పేరు పెద్దదే కానీ ఆ విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే. కింద హార్డ్‌వేర్ షాపు, పైన మా రెండు గదులు. కింద తాళంచెవులు అరగదీసే మిషన్ రొద పెడుతుంటే, పైన ఎవరో ఒకరు బాంజోనో గిటారో శ్రుతి చేస్తుండేవారు. రెండింటి మధ్యా మేం పత్రిక తెచ్చేవాళ్ళం.

నేను డిజైన్ స్కూల్లో చదవలేదు. కాకినాడలో బీకాం చేశాను. పెళ్ళయి ఈ దేశం వచ్చిన కొత్తలో, డ్రైవింగ్ ఇంకా రాని రోజుల్లో, నడిచి వెళ్ళగలిగిన చోటు పబ్లిక్ లైబ్రరీ ఒక్కటే. అక్కడ పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలు వేసి సర్దుతారు. ఫోటోగ్రఫీ 770, ముద్రణ 686, సంగీతం 780. ఆ మూడు అల్మారాల మధ్య తిరిగినదే నా చదువు. అక్షరాల కుటుంబాలు, రంగుల లెక్కలు, పాత ఇటలీ చిత్రకారులు మనుషులను త్రికోణంలో కూర్చోబెట్టిన పద్ధతి, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు సర్టిఫికెట్ అడిగితే లైబ్రరీ కార్డు చూపించాను. ఎడిటర్ వాల్టర్ నవ్వి, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

కవర్ అంటే అందమైన ఫోటో మీద పత్రిక పేరు వేయడం అని చాలామంది అనుకుంటారు. అసలు పని కొట్లో స్టాండ్ దగ్గర మొదలవుతుంది. న్యూస్‌స్టాండ్ మీద పత్రికలు ఒకదాని వెనక ఒకటి మెట్లుమెట్లుగా నిలబడి ఉంటాయి. ముందున్నది వెనకదాన్ని కప్పేస్తుంది. కొనేవాడికి కనిపించేది పై మూడో వంతు మాత్రమే. అందులోనే పత్రిక పేరు, అందులోనే మనిషి ముఖం, అందులోనే ఇది ఏ వాద్యం గురించో తెలియాలి. కింది రెండు వంతుల్లో మీరు ఇంద్రధనుస్సు పెట్టినా ఎవరూ చూడరు. అందుకే ఫోటో తీయించకముందే నేను థంబ్‌నెయిల్స్ వేస్తాను. అంటే అగ్గిపెట్టెంత గళ్ళలో పెన్సిల్ బొమ్మలు: ముఖం ఎక్కడ, వాద్యం ఎక్కడ, అక్షరాలు ఎక్కడ. ఆ బొమ్మలు ఒప్పుకున్నాకే ఫోటోగ్రాఫర్‌ని పిలుస్తాం.

ఆ ఏడాది వేసవిలో ఒక యూనివర్సిటీ మైదానంలో జరిగిన జానపద సంగీత ఉత్సవంలో వాల్టర్ ఒక తెలుగమ్మాయి వయొలిన్ విన్నాడు. పేరు సుగుణ. విజయనగరంలో పెరిగింది, పిస్కాటవేలో ఉంటుంది, ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలకు వాయిస్తుంది. మన వయొలిన్ పద్ధతి మీద పెద్ద వ్యాసం రాయించి, ఆమెనే కవర్ మీద వేయాలని వాల్టర్ పట్టుబట్టాడు. మా పత్రిక కవర్ మీద అప్పటిదాకా భారతీయులెవరూ రాలేదు. నాకు సంతోషమే కానీ, పెన్సిల్ పట్టుకోగానే చిక్కు తెలిసింది.

పాశ్చాత్యులు వయొలిన్‌ను గడ్డం కింద పెట్టుకుంటారు. ముఖమూ వాద్యమూ ఒకేచోట ఉంటాయి, పై మూడో వంతులో చక్కగా ఇమిడిపోతాయి. మనవాళ్ళు నేలమీద కూర్చుని, వయొలిన్‌ను ఛాతీకి ఆనించి, దాని తలను కుడికాలి మడమ దగ్గర నిలుపుతారు. ముఖం పైన, వాద్యం కిందికి జారుతూ కాలి దాకా. ఎన్ని గళ్ళు గీసినా స్టాండ్ మీద కనిపించేది ఒక స్త్రీ ముఖం మాత్రమే. వయొలిన్ ముందు పత్రిక చాటున ఉండిపోతుంది.

వాల్టర్ నా గళ్ళు చూసి, "ఒక్క ఫోటోకి గడ్డం కింద పెట్టుకోమను. వాయించక్కర్లేదు కదా" అన్నాడు. "ఒప్పుకోకపోతే సొరుగులో ఒక గిటారిస్ట్ ఫోటో సిద్ధంగానే ఉంది. కవర్ మంగళవారం మధ్యాహ్నానికి సెపరేషన్‌కి వెళ్ళాలి." రంగుల ఫోటోను నాలుగు సిరాలకు నాలుగు ఫిల్ములుగా విడగొట్టడాన్ని సెపరేషన్ అంటారు. ఆ తారీఖు తప్పితే ప్రెస్ మా కోసం ఆగదు.

ఆ సాయంత్రం పిస్కాటవేలో సుగుణ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. టీ ఇచ్చి, నా గళ్ళ కాగితం చూసి ముచ్చటపడింది. గడ్డం మాట ఎత్తగానే కప్పు కింద పెట్టేసింది.

"అదొక్కటీ అడక్కండి లలితగారూ."

"ఫోటో వరకే కదండీ. లేకపోతే ఎడిటర్ ఒక గిటారాయన్ని వేస్తానంటున్నాడు."

"ఫోటోయే కదేటి మిగిలేది?" అంది. "ఇక్కడ కమ్యూనిటీ ఆర్కెస్ట్రాకి వెళ్ళాను ఒకసారి. ఒకావిడ చాలా కైండ్‌గా, 'హనీ, నువ్వు తప్పుగా పట్టుకున్నావ్' అంది. నేను ఇంటికొచ్చేశాను. ఇప్పుడు మీ కవర్ మీద నేనే గడ్డం కింద పెట్టుకుని కూర్చుంటే, ఆవిడ చెప్పిందే రైటని నేను సంతకం పెట్టినట్టు కాదా?"

ఆమె కొంచెం ఆగి, "మా మాస్టారు మా పేటకొచ్చి నేర్పారండీ. క్రైస్తవుల పిల్లకి పాఠమేటని ఆయన్ని ఊళ్ళో చాలామందే అడిగారు. ఆయన పట్టుకోమన్నట్టు పట్టుకోవడం తప్ప నేనాయనకి ఇచ్చిందేటీ లేదు. గిటారాయన్ని వేసుకుంటే వేసుకోండి. నేనేం అనుకోను" అంది.

అనుకుంటుందని నాకు తెలుసు. గోడకి క్యాలెండర్ తీసేసి, ఆ మేకు ఖాళీగా ఉంచింది. కవర్ వచ్చాక ఫ్రేమ్ కట్టించి పెట్టడానికని వాళ్ళాయన తర్వాత చెప్పాడు.

శనివారం ఐసెలిన్‌లో, పాత కార్ల గ్యారేజీని స్టూడియోగా మార్చుకున్న డెన్నీ దగ్గర ఫోటోలు పెట్టుకున్నాం. డెన్నీ మా ఫోటోగ్రాఫర్. తక్కువ మాటలు, ఎక్కువ సిగరెట్లు. సుగుణను కారులో తీసుకొచ్చింది జాన్‌రత్నం గారు. ఆ చిన్న తెలుగు చర్చికి ఆయన పెద్ద. సొంత ఊరు ఒంగోలు దగ్గర. కోటూ టైతో వచ్చి, మడత కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"వందనాలమ్మా. అమ్మాయి ఫోటో బాగా రావాల. మా చర్చికి కూడా పేరు గదా" అన్నారు నాతో.

నేను గచ్చు మీద ముదురు నీలం గుడ్డ పరిపించి, వెనక అదే రంగు తెర కట్టించాను. సుగుణ ఆవపువ్వు రంగు చీరలో వచ్చింది. నీలానికి పసుపు ఎదురు రంగు, పక్కపక్కన ఉంటే రెండూ వెలుగుతాయి. ఇదీ 770 అల్మారాలో చదివిందే. డెన్నీ లైట్లు సర్దుతుండగా ఆమె కూర్చుని, వయొలిన్ తీసి, వాయించడం మొదలుపెట్టింది.

కింద నుంచి తీశాం. పక్క నుంచి తీశాం. దగ్గరగా వెళ్ళి తీస్తే వయొలిన్ కమాను ముఖానికి అడ్డం వచ్చేసింది. అప్పటికప్పుడు చూసుకునే పోలరాయిడ్ ఫోటోలు బల్ల మీద పరిచి, నా ట్రేసింగ్ కాగితం వాటిమీద పెట్టి చూస్తే, ప్రతిదాంట్లోనూ వయొలిన్ కిందే ఉంది. చివరికి డెన్నీ నిచ్చెన ఎక్కి, నేరుగా పైనుంచి తీశాడు. మాతో వచ్చి, కింద నిలబడి చూస్తున్న వాల్టర్ ఆ పోలరాయిడ్ అందుకుని, అటూ ఇటూ తిప్పి, తలకిందులుగా పట్టుకున్నాడు.

"పైనుంచి తీసిన ఫోటోకి పై ఏమిటి, కింద ఏమిటి? ఇలా తిప్పితే వయొలిన్ తల పైకొచ్చేసింది. పరిష్కారం దొరికింది!"

నిజమే. వయొలిన్ పై మూడో వంతులోకి వచ్చింది. దానితోపాటు కాలు కూడా వచ్చింది. పత్రిక పేరు పక్కనే అరికాలు, అడుగున ఎక్కడో ఆమె తల.

జాన్‌రత్నం గారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. "ఇదేందమ్మా! కాలు తెచ్చి నెత్తిన పెట్టారు?"

సుగుణ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "అంకుల్, నేను శీర్షాసనంలో వాయిస్తున్నాననుకుంటారు."

"ఏమంటున్నారు?" అని వాల్టర్ అడిగాడు. కాలిని అంత ఎత్తున, తలకు పైన చూపడం మాకు మర్యాద కాదని చెప్పాను. అతను పాదాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసి, "అయితే ఆ వయొలిన్‌ని కాలి మీద పెట్టడం మర్యాదేనా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను సుగుణ వైపు తిరిగాను. ఆమె భుజాలు ఎగరేసి, "అది వేరండీ" అంది. ఎలా వేరో ఆమెకీ ఆ క్షణాన తోచలేదు.

సామాను సర్దుకుంటుంటే వాల్టర్ నా దగ్గరికి వచ్చి, "గిటారిస్ట్ లేఅవుట్ మొదలుపెట్టు" అన్నాడు. సుగుణ వినే దూరంలోనే ఉంది. వయొలిన్ పెట్టె మూత పెట్టి, గొళ్ళేలు మెల్లగా నొక్కింది.

ఆదివారం పొద్దున డెన్నీ ఫిల్ములు కడిగించి ఆఫీసుకి తెచ్చాడు. అప్పట్లో కవర్లకు వాడేది ట్రాన్స్‌పరెన్సీ. అంటే కాగితం మీద కాక ఫిల్ము మీదే రంగుల్లో కనిపించే ఫోటో. కింద దీపం ఉన్న గాజు బల్ల మీద పరిచి, లూప్ అనే చిన్న భూతద్దం కంటికి ఆనించుకుని ఒక్కొక్కటీ చూడాలి. ఏ ఫ్రేమూ వదలకూడదన్నది నా పద్ధతి. మొదటి రోల్‌లో మొదటి ఫ్రేము దగ్గర ఆగిపోయాను.

సుగుణ ఇంకా వాయించడం మొదలుపెట్టలేదు. రెండు చేతులా వయొలిన్‌ను నిలువుగా ఎత్తి, తల వంచి, దాని అంచును కనురెప్పకు ఆనించుకుంది. రెండో కన్ను మూసి ఉంది. వాద్యం నిలువుగా, ముఖం పక్కనే. దాని తల ఆమె పాపిడి కంటే పైకి వెళ్ళింది. ట్రేసింగ్ కాగితం తెచ్చి పైన పెట్టాను. పత్రిక పేరులోని ఒక అక్షరాన్ని వయొలిన్ తల సరిగ్గా దాటింది. పై మూడో వంతులో అన్నీ ఉన్నాయి.

"ఇది ఎప్పుడు తీశావ్?" అని డెన్నీని అడిగాను.

"అది ఫోటో కాదు. ఫ్లాష్ వెలుగుతోందా లేదా అని నొక్కి చూశాను" అన్నాడు.

వాల్టర్‌కి ఫోన్ చేసి రప్పించాం. అతను లూప్‌లోంచి చాలాసేపు చూసి, గిటారిస్ట్ లేఅవుట్‌ని తనే సొరుగులో పెట్టేశాడు. కవర్ లైన్, అంటే ఫోటో పక్కన వేసే మాట, అక్కడే నిలబడి చెప్పాడు: "నాలుగు తీగల ప్రార్థన."

అది వినగానే నాకు జాన్‌రత్నం గారి కోటూ టై గుర్తొచ్చాయి. "ఆమెకి చూపించకుండా వేయడానికి లేదు" అన్నాను.

మధ్యాహ్నం వాళ్ళ ఆరాధన అయ్యే వేళకి వెళ్ళాను. ఒక అమెరికన్ చర్చి కింది హాలును వాళ్ళు ఆదివారాలు అద్దెకు తీసుకునేవారు. పొడవాటి బల్ల మీద బిర్యానీ, పెరుగు చట్నీ, కేకు. పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు. నేను సుగుణను కిటికీ దగ్గరికి పిలిచి, ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టి లూప్ ఇచ్చాను.

ఆమె చూసింది. లూప్ తీసేసి నన్ను చూసింది. మళ్ళీ ఫిల్ము చూసింది.

"ఇది నేనేనా? నేనెప్పుడు చేశానండీ ఇలాగ?"

"వాయించే ముందు."

"నాకు తెలీదు" అంది. "నిజంగా తెలీదు. మాస్టారు చేసేవారు. మొదటిరోజు నాకు చేయించారు. తర్వాత మానేశాననుకున్నాను."

జాన్‌రత్నం గారు ప్లేటు పట్టుకునే వచ్చారు. లూప్ ఎలా చూడాలో నేను చూపించాను. ఆయన చూసి, ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టారు.

"సుగుణమ్మా, ఇది మొక్కడం గాదా?"

"కాదంకుల్."

"నాకు తెలుసులే నువ్వు మొక్కవని. చూసినోళ్ళ సంగతేంది? నువ్వు చాపేసుకుని కచేరీలో మాదిరి వాయిస్తన్నావనే ఇప్పటికి ఇద్దరు గొణుగుతున్నారు. గిటారుంది, కీబోర్డుంది, ఈమెందుకంటన్నారు. ఈ ఫోటో ఇండియన్ స్టోర్లో అందరికీ కనిపిస్తే, నేను వాళ్ళకేం జెప్పేది?"

ఆయన మాటలో కోపం లేదు. చిక్కు నిజమైనది కాబట్టి మెల్లగానే చెప్పారు. కవర్ లైన్ సంగతి దాచడం నా వృత్తి ధర్మం కాదు. అదీ చెప్పాను. "ప్రార్థన" అనే మాట వినగానే ఆయన నుదురు పట్టుకున్నారు.

సుగుణ నావైపు తిరిగింది. "మీరేటంటారు?"

"నేను కవర్ సంగతి మాత్రమే చెప్పగలను. అది మంచి కవర్. మిగతాది నేను చెప్పగలిగింది కాదు" అన్నాను.

వెనక ఎవరో పిల్లవాడు, "ఆంటీ, మోర్ కేక్ ఉందా?" అని అరిచాడు. సుగుణ జాన్‌రత్నం గారి వైపు తిరిగింది.

"నిన్న ఆ ఎడిటర్ గారు అడిగింది నా బుర్రలో రాత్రంతా తిరిగిందంకుల్. కాలు మీద పెట్టడం మర్యాదేనా అన్నాడు. ఇప్పుడు తెలిసింది. కాలికి తగలబోతోంది కదా, అందుకని ముందే కళ్ళకద్దుకోమన్నారు మాస్టారు. మొక్కడం కాదిది. ముందే సారీ చెప్పడం." ఆగి అంది: "మీ ఇంట్లో బైబిల్‌కి పొరపాటున కాలు తగిలితే ఏం చేస్తారు?"

జాన్‌రత్నం గారు కిటికీ గట్టు మీది ప్లేటు తీసుకుని, చల్లారిన ముక్క ఒకటి నమిలారు.

"కళ్ళకద్దుకుంటాం" అన్నారు చివరికి. "మా అమ్మ పలకకి కాలు తగిలినా అద్దించేది. మేం పుట్టు క్రైస్తవులమే." ఫిల్మును ఇంకోసారి వెలుతురుకు పట్టి చూశారు. "ఫోటో వేసుకోనీ. ఆ మాట మాత్రం వద్దు. నీ సారీని వాళ్ళు ప్రార్థనంటే నేనొప్పను."

"నేనూ ఒప్పను" అంది సుగుణ. "లలితగారూ, ఆ మాటుంటే నన్ను తీసేయండి. గిటారాయన్నే వేయండి. కోపంతో చెప్పట్లేదు."

మేకు ఖాళీగా ఉన్న గోడ నా కళ్ళలో మెదిలింది. ఆమె తేలిగ్గా అన్న మాట కాదది.

కవర్ లైన్ ఎడిటర్ హక్కు. ఆర్ట్ డైరెక్టర్ దానిలో వేలు పెట్టకూడదు. అయినా సోమవారం వాల్టర్ బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె చేస్తున్నది ప్రార్థన కాదని చెప్పాను. అతను, "చదివేవాళ్ళకి అలాగే కనిపిస్తుంది కదా" అన్నాడు. "అలా కనిపిస్తుంది కాబట్టే వేయకూడదు" అన్నాను. "మనది సంగీతం పత్రిక. మడమ దగ్గర పెట్టే వయొలిన్ గురించి లోపల అన్ని పేజీల వ్యాసం వేసి, బయట తప్పు చెబుతామా?"

వాల్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లైన్ లేకుండా కవర్ నేనెప్పుడూ వేయలేదు."

"పేరుంది. కింద 'దక్షిణ భారత వయొలిన్' అని చిన్న అక్షరాల్లో వేద్దాం. ఫోటో మాట్లాడుతుంటే మనం మధ్యలో ఎందుకు?"

అతను ఔననలేదు. మంగళవారం పొద్దున నా బల్ల మీదికి వచ్చిన కవర్ మాటల కాగితంలో మాత్రం ఆ లైన్ కొట్టేసి ఉంది. పక్కన పెన్సిల్‌తో, "అమ్ముడు పోకపోతే నీ లైబ్రరీ కార్డు లాక్కుంటాను" అని రాశాడు.

సంచిక వచ్చాక రైల్వే స్టేషన్ న్యూస్‌స్టాండ్‌కి వెళ్ళి చూశాను. పడవల పత్రిక వెనక, ముందున్నది కప్పేయగా మిగిలిన జాగాలో, మూసిన ఒక కన్ను, నిలువు వయొలిన్, ఆవపువ్వు రంగు చీర అంచు. కాలు కింద ఎక్కడో ఉంది, దాని చోట అది ఉంది. ఆ సంచిక మామూలుగానే అమ్ముడైంది. కార్డు నాకే మిగిలింది.

తర్వాతి ఆదివారం సుగుణ నన్ను వాళ్ళ చర్చికి రమ్మంది. పత్రిక అప్పటికే చేతులు మారుతోంది. ఆమె చాప మీద కూర్చుని పెట్టె తెరిచేసరికి హాలంతా ఆమె చేతుల్నే చూస్తోంది, గొణిగిన ఇద్దరితో సహా. ఆమె ఆగింది. ఆ ఆగడం అందరికీ తెలిసింది. తర్వాత వయొలిన్ ఎత్తి, కళ్ళకద్దుకుని, కాలి మీదికి దించింది. జాన్‌రత్నం గారు అవసరమైనదానికంటే కొంచెం గట్టిగా పాట నంబరు చెప్పారు.

బయటికి వచ్చాక కారు దగ్గర అంది: "ఇప్పుడు ప్రతిసారీ ఆ ఫోటో గుర్తొస్తోందండీ. నిన్న ఇంట్లో మానేసి చూద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు."

ఆ తర్వాత చాలా ఏళ్ళు కవర్లు చేశాను. గళ్ళు ముందే గీయడం మానలేదు. గళ్ళు గీసి ఉండకపోతే ఆ ఫ్రేము నా కంటికి ఆనేది కాదు. కానీ ప్రతి ఫోటో సెషన్‌కీ ఫోటోగ్రాఫర్‌కి ఒకటే చెప్పేదాన్ని: వాయించేవాళ్ళు సిద్ధం కాకముందే నువ్వు సిద్ధంగా ఉండు. ఒక చెల్లో వాద్యకారుడు వాయించే ముందు ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడు. ఒక బాంజో ఆవిడ వేళ్ళ మీద ఊదుకుంటుంది. మీరు మొదలుపెట్టే ముందు ఏం చేస్తారని మాత్రం వాళ్ళను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చేసి చూపిస్తారు.